కలకండకు ముందు

తిరుత్తణి పేరు వినగానే సంగీతము తెలిసినవారికి జ్ఞప్తికి వచ్చు గాథ ఒకటి ఉన్నది. కాశీలో కొన్ని సంవత్సరములు గడపి తిరిగి వచ్చిన ముత్తుస్వామి దీక్షితులు ఈ కొండ ఎక్కినారట. సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో కన్నులు మూసి ధ్యానములో ఉండగా ఒక వృద్ధుడు సమీపించి, నోరు తెరువుమని చెప్పి, నాలుకమీద కలకండ ముక్క ఒకటి ఉంచి అదృశ్యుడైనాడట. ఆ తీపి కరగక ముందే దీక్షితుల నోట మొదటి కృతి వెలువడినదట. ఆయన కృతులలో కనిపించు "గురుగుహ" అను ముద్రకు ఈ కొండమీది స్వామియే మూలమని సంప్రదాయము చెప్పుచున్నది.

అందమైన గాథ. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతములలో తెలుగువారు నలుగురు కూడిన సభలో ఎవరో ఒకరు దీనిని చెప్పకుండ ఉండరు. చెప్పినవారు కలకండ దగ్గర ఆపుదురు. విన్నవారు చప్పట్లు కొట్టుదురు. నాకు వచ్చిన చిక్కు ఇక్కడనే. గాథను అక్కడ ఆపినందువలన, ముందు వరుసలో కూర్చున్న పిల్లల మనస్సులో ఒక అభిప్రాయము నాటుకొనుచున్నది: కళ అనునది నాలుకపై ఎవరో పెట్టవలసిన తీపి, పెట్టినవానికి వచ్చును, పెట్టనివానికి రాదు. తల్లిదండ్రులకు కూడ ఈ అభిప్రాయము సుఖముగానే ఉన్నది. "మావాడికి ఆ యోగము లేదు" అని ఒక్క మాటతో హార్మోనియమునకు ముసుగు వేయవచ్చును. వాచకమును అటక ఎక్కించవచ్చును.

ఈ అన్వయము దీక్షితులకు న్యాయము చేయదు. మన పిల్లలకు అంతకంటె ఎక్కువ అన్యాయము చేయును. కాబట్టి ఆ గాథను మరల ఒకసారి చదువుదము. కలకండకు ముందు ఏమి ఉన్నది? తరువాత ఏమి వచ్చినది?

ముందు ఉన్నదానిని చూతము. 18వ శతాబ్దిలో తిరువారూరులో పుట్టిన ఈ బాలునికి తండ్రి రామస్వామి దీక్షితులే మొదటి గురువు. ఆ తండ్రి సామాన్యుడు కాడు. 108 రాగతాళములతో తెలుగు మాటలలో ఒక మహామాలికను కూర్చిన లక్షణజ్ఞుడు. ఆ ఇంటిలో సంగీతము పండుగపూట వంటకము కాదు, ప్రతిపూట అన్నము. సంగీతముతోపాటు కావ్యములు, అలంకారములు, వ్యాకరణము కూడ బాలునికి పాఠములైనవి. తరువాత ఆ కుటుంబము మద్రాసు చెంతనున్న మణలికి వచ్చినది. అక్కడ మొదలియార్ల ఆదరమున ఉండగా, మద్రాసులో ఆంగ్లేయుల బృందములు వాయించు వరుసలను కూడ ముత్తుస్వామి విని, వాటికి సంస్కృత పదములు కూర్చినాడు. ఆ తరువాత చిదంబరనాథయోగి వెంట కాశీకి పోయి, అక్కడ కొన్నేళ్ళు ఉండి, వీణను, ఉపాసనను సాధన చేసినాడు. అక్కడ హిందూస్థానీ గానమును చెవినిండ విన్నాడు. అటుపిమ్మట తిరుత్తణి.

అనగా ఆ వృద్ధుడు కలకండ ఉంచిన నాలుక అప్పటికే ఎన్నో ఏండ్లుగా స్వరము పలికిన నాలుక. ఆ చేతివ్రేళ్ళు వీణ తంత్రులమీద కాయలు కాచిన వ్రేళ్ళు. సాధన లేని నోటిలో కలకండ వేసినను తీపి తెలియును. కృతి మాత్రము రాదు. అనుగ్రహమును నేను కాదనుట లేదు. అనుగ్రహము కూర్చుండుటకు పీట వేసినది సాధన అని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక తరువాత వచ్చినదానిని చూతము. విమర్శకుని దృష్టితో చూచినచో గాథలోని ముఖ్యవిషయము ఇక్కడనే ఉన్నది. దైవానుగ్రహము పొందిన మహావిద్వాంసుడు మొదటి కృతికి ఏ అపూర్వరాగమును ఎన్నుకొన్నాడు? మాయామాళవగౌళను. ఇది 72 మేళములలో 15వది. సంగీతము నేర్వవచ్చిన ప్రతి పిల్లవాడును మొదటిరోజున "స రి గ మ" పలుకు రాగము. పురందరదాసుల నాటి నుండి సరళీవరుసలు, జంటవరుసలు, అలంకారములు దీనిలోనే చెప్పుచున్నారని సంప్రదాయము. "శ్రీనాథాది గురుగుహో" అను ఆ కృతి ఎత్తుగడను శ్రద్ధతో వినినచో సరళీవరుస నడకయొక్క ఛాయ చెవికి తగులును. పాఠశాలలో మొదటి పలకమీద వ్రాసిన అక్షరమునే మహాకవి తన మొదటి కావ్యమునకు మొదటి అక్షరముగా తీసికొన్నట్లున్నది.

ఇంతటితో ఆగలేదు. తిరుత్తణి స్వామిమీద ఆయన చెప్పిన కృతుల వరుస ప్రథమా విభక్తితో మొదలై, ద్వితీయ, తృతీయల మీదుగా నడచి, సంబోధనతో ముగియును. మొత్తము ఎనిమిది కృతులు. రాగములు వేరు వేరు: మాయామాళవగౌళ, ఆనందభైరవి, పాడి, సామ, బలహంస, పూర్వి, భానుమతి, ఉదయరవిచంద్రిక. సంస్కృతము నేర్వవచ్చిన బాలునిచేత పంతులు మొదట ఏమి వల్లె వేయించును? "రామః, రామౌ, రామాః" అని విభక్తులనే గదా! సంగీత విద్యార్థి మొదటి రాగము, సంస్కృత విద్యార్థి మొదటి పాఠము, ఈ రెండింటిని కలిపి దీక్షితులు తన మొదటి సృష్టిని కట్టినారు. ఇది యాదృచ్ఛికమని కొందరు అనవచ్చును. నాకు అట్లు తోచదు. కలకండ తిన్న నోటితో ఆయన మొదట పాడినది దేవుని స్తుతి మాత్రమే కాదు, అభ్యాసమునకు స్తుతి కూడ. తరువాతి కాలమున కమలాంబా నవావరణములలోను ఇదే విభక్తిక్రమమును ఆయన మరల పట్టినారు. మొదటి పాఠమును జీవితాంతము విడువని విద్యార్థిని అక్కడ చూడవచ్చును.

అభ్యాసము అనగానే యాంత్రికముగా చేసిన పనినే చేయుట అని కొందరు చిన్నచూపు చూచెదరు. దానివలన కల్పన చచ్చునని వారి భయము. ఈ భయమునకు సమాధానము మన అభ్యాసగానపు నిర్మాణములోనే ఉన్నది. మాయామాళవగౌళను మొదటి రాగముగా పెట్టుటకు కారణమున్నది. దాని పూర్వాంగమున స, రి దగ్గరదగ్గరగా ఉండును. రి, గ ల నడుమ ఎడము. మరల గ, మ దగ్గర. ఉత్తరాంగమున ప, ధ, ని, స లకు సరిగా అదే ఎడము, అదే దగ్గర. కింది సగము గొంతుకు పట్టువడినచో పై సగము దాని అద్దమువలె వచ్చును. జంటవరుసలో ఒకే స్వరమును రెండుమార్లు పలుకునప్పుడు రెండవదానికి ఒత్తు ఇవ్వవలెను. దాటువరుసలో స్వరములను దుముకవలెను. అలంకారములలో ఏడు తాళముల లెక్క చేతికి రావలెను. ప్రతి వరుసను మూడు కాలములలో పాడవలెను. ఒక్కొక్క మెట్టులో ఒక్కొక్క కొత్త కష్టము. శ్రద్ధగా చేసినవానికి ఇందులో ఒకనాటి పాఠము మరొకనాటి పాఠమువలె ఉండదు.

ఈ మెట్లన్నియు ఎక్కిన తరువాత వర్ణము వచ్చును. పల్లవి, అనుపల్లవి, ముక్తాయిస్వరము, చరణము, ఎత్తుగడ స్వరములు అను అంగములలో రాగముయొక్క పోకడలన్నియు మూటగట్టి ఇచ్చు రచన అది. విద్యార్థి దానిని మొదటి కాలములోను, రెండవ కాలములోను నిత్యము సాధన చేయవలెను. విశేషమేమనగా, నలుబది ఏండ్లు పాడిన విద్వాంసుడు కూడ కచ్చేరీని సాధారణముగా వర్ణముతోనే ఆరంభించును. ఇంటిలో చేసిన సాధనను సభలో మొదట నిలబెట్టి నమస్కరించుట అన్నమాట. ఏ శాస్త్రము చెప్పినదానికన్న ఈ ఆచారము స్పష్టముగా చెప్పుచున్నది: సాధన దాటి పోవలసిన వంతెన కాదు, నిత్యము నిలువవలసిన నేల.

ఇక్కడ మన ప్రాంతమునకు సంబంధించిన సంగతి ఒకటి. నేడు చెన్నై మహానగరములో కలిసిపోయిన తిరువొత్తియూరులో త్యాగరాజస్వామి శిష్యుడు వీణ కుప్పయ్యరు 19వ శతాబ్దిలో నివసించినాడు. శంకరాభరణమున "సామి నిన్నే కోరి" అను వర్ణము ఆయనదే. ఆయన కుమారుడు తిరువొత్తియూరు త్యాగయ్య కూడ వర్ణములు చెప్పినవాడు. ఈ వర్ణములు తెలుగు. భైరవిలో పచ్చిమిరియము ఆదియప్పయ్య చెప్పిన ప్రఖ్యాత వర్ణము తెలుగు. విద్యార్థులు మొదట నేర్చుకొను వర్ణములలో అత్యధిక భాగము తెలుగు. అందుచేత ఈనాడు తిరువళ్ళూరులోగాని, కాంచీపురములోగాని, తంజావూరులోగాని తమిళము మాతృభాషగా గల బాలిక ఉదయమున లేచి తాళము వేసికొని పాడునప్పుడు ఆమె నోట పలుకు మాట మన మాట. ఆమెకు అర్థము తెలియకపోవచ్చును. కాని పలుకు నిత్యమై నిలిచినది. మన ఇంటి బాలికకు అర్థము తెలియును. కాని పలుకు నిత్యము కాదు. తెలుగు పలుకును అభ్యాసము వలన నిలిపినవారు వారు, అభ్యాసము లేక పోగొట్టుకొనుచున్నవారము మనము. ఈ మాట మనకు చేదుగా ఉండవచ్చును. కలకండ మాత్రమే తినవలెనను నియమము లేదు గదా!

ప్రతిభ పెద్దదా, అభ్యాసము పెద్దదా అను ప్రశ్న కొత్తది కాదు. మన ఆలంకారికులు దీనిని ఎప్పుడో విచారించినారు. దండి కావ్యసంపదకు కారణములుగా సహజప్రతిభను, నిర్మలమైన శాస్త్రజ్ఞానమును, ఎడతెగని పూనికను చెప్పినాడు. చెప్పి ఊరకుండక, సహజప్రతిభ లేనివాడైనను చదువుతోను యత్నముతోను సేవించినచో వాగ్దేవి ఏదో ఒక అనుగ్రహము చూపక మానదని ధైర్యము కూడ ఇచ్చినాడు. మమ్మటుడు శక్తిని, నిపుణతను, అభ్యాసమును మూడు వేరు కారణములుగా గాక ముప్పేటగా పెనవేసిన ఒకే కారణముగా నిరూపించినాడు. వేపాకును ఉపమానముగా తెచ్చి వేమన ఇదే సంగతిని పల్లెవానికి కూడ తెలియునట్లు చెప్పినాడు.

పాశ్చాత్యదేశములలో ఈ విచారము ఇటీవల లెక్కలతో జరిగినది. 1993లో ఎరిక్సన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు తన సహచరులతో కూడి బెర్లినులోని సంగీత విద్యార్థులను పరిశీలించినాడు. ఉత్తమ వాయులీన విద్యార్థులు ఇరువది ఏండ్ల వయస్సునాటికి ఒంటరిగా చేసిన సాధన సగటున పదివేల గంటలను మించినదని తేల్చినాడు. దీనిని పట్టుకొని, పదివేల గంటలు కూర్చున్నవాడెల్ల విద్వాంసుడగునని లోకములో ఒక వాడుక పుట్టినది. అది సరికాదు. 2014లో మరికొందరు పరిశోధకులు అనేక పరిశీలనలను కలిపి చూచి, సంగీతములో మనిషికి మనిషికి గల తారతమ్యమునకు సాధన కారణమగు పాలు నూటికి సుమారు 21 మాత్రమే అని చెప్పినారు. మిగిలినది పుట్టుక, వయస్సు, గురువు, ఇల్లు మొదలైనవాటిలో వెదకుకోవలెను.

ఈ రెండవ లెక్క చూచి సోమరులు సంతోషింపనక్కరలేదు. నూటికి 21 పాళ్ళు అనునది చిన్న సంఖ్య కాదు. అంతకన్న ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. పుట్టుక మన చేతిలో లేదు. వయస్సు మన చేతిలో లేదు. సాధన ఒక్కటే పూర్తిగా మన చేతిలో ఉన్నది. పొలములో వాన ఎంత పడునో రైతునకు తెలియదు. అయినను గట్టు వేయుట మానడు. వాన పడిననాడు గట్టు లేని చేనిలో నీరు నిలువదు. దండి చెప్పినది, బెర్లినులో లెక్కించినది, తిరుత్తణి గాథ మౌనముగా చూపుచున్నది ఈ ఒక్క గట్టునే.

మన తెలుగు విషయమునకు వత్తము. దీక్షితుల గాథను ఇంత వివరించుటకు ఈ విషయమే నన్ను ప్రేరేపించినది. తిరుత్తణి ప్రాంతము 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో ఉండెను. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రములో చేరినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడగా దానిలో భాగమైనది. సరిహద్దు గీతలు మారినవి, ఇండ్లు మారలేదు. ఇంటి లోపల అమ్మతో మాటలాడు భాష తెలుగుగానే ఉండెను. కాని మాటలాడుట వేరు, చదువుట వేరు, వ్రాయుట వేరు, కొత్తగా ఒక పద్యమునో కథనో పాటనో కట్టుట వేరు. మొదటిది ఊరక ఉన్నను కొంతకాలము నిలుచును. మిగిలిన మూడును నిత్యము తోమవలసిన రాగిచెంబుల వంటివి. తోమక నెలరోజులు విడిచినచో చిలుము పట్టును.

2006 నాటి తమిళ అభ్యసన చట్టము వలన పాఠశాలలలో తమిళము అందరికీ భాగము–1 భాషగా దశలవారీగా వచ్చినది. భాషాల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి న్యాయస్థానములలో వాదములు జరిగినవి. వాటిని ఇక్కడ చర్చించుట నా ఉద్దేశము కాదు. ఉన్న ఊరి భాషను చక్కగా నేర్చుట మనకు విధి, మేలు కూడ. కాని ఒక సంగతి ఒప్పుకోవలెను. బడి ఒకప్పుడు మనకు బదులుగా చేసిపెట్టిన అభ్యాసమును నేడు చాల ఇండ్లకు చేసిపెట్టుట లేదు. ఆ పని ఇంటిమీద పడినది. ఇల్లు దానిని అందుకొన్నదా?

మన వార్షికోత్సవములను చూచినచో జవాబు తెలియును. ఉగాది దగ్గరపడును. పదిరోజులు హడావుడి. పిల్లలచేత శతకపద్యము చెప్పింపవలెనని పెద్దల కోరిక. పిల్లవానికి తెలుగు లిపి రాదు. కాబట్టి పద్యమును తమిళ అక్షరములతో కాగితముపై వ్రాసి ఇత్తురు. తమిళ లిపి తమిళమునకు చక్కగా సరిపోవునట్లు ఏర్పడిన లిపి. అందులో త, ద లకు ఒకే అక్షరము. "దాత" అన్నను "తాత" అన్నను కాగితముపై ఒకే రూపము. పిల్లవాడు దానకర్ణుని గూర్చి చెప్పవలసిన చోట ముసలితాతను గూర్చి చెప్పి దిగివచ్చును. మనము నవ్వుకొని, చప్పట్లు కొట్టి, బహుమతి ఇత్తుము. మరునాడు ఆ కాగితము చెత్తబుట్టలోనికి పోవును. మరల మరుసటి ఉగాదికి మరొక కాగితము. తప్పు పిల్లవానిది కాదు, తమిళ అక్షరముది అంతకన్న కాదు. సంవత్సరములో 355 రోజులు ఊరకుండి పదిరోజులలో కళ పండవలెనను మన ఆశది తప్పు.

ఇందులో ఎంతటి నష్టమున్నదో చూపుటకు ఒక్క ఉదాహరణ చాలును. దీక్షితుల కృతులను గమక చిహ్నములతో, స్వరములతో భద్రపరచిన మహాగ్రంథము సుబ్బరామ దీక్షితుల "సంగీత సంప్రదాయ ప్రదర్శిని". ఇది 1904లో ఎట్టయాపురములో అచ్చైనది. తమిళదేశపు నడిబొడ్డున, సంస్థానాధిపతుల పోషణలో అచ్చైన ఆ గ్రంథము తెలుగు లిపిలో ఉన్నది. నాటి సంగీతజ్ఞులకు తెలుగు అక్షరము అంత అలవాటైన అక్షరము. తిరుత్తణి స్వామిమీద పుట్టిన ఎనిమిది కృతులను ఆ అచ్చు రూపములో చదువుటకు కావలసిన తాళపుచెవి మన ఇంటిలో ఉన్నది. ఆ చెవిని త్రుప్పు పట్టనిచ్చుచున్నాము. నేడు మన పిల్లవానికి ఆ గ్రంథము ముందు పెట్టినచో, తన తాతముత్తాతల అక్షరములను అపరిచితునివలె చూచును.

ఈ ప్రాంతమున వేరొక మార్గము కూడ మన కండ్లయెదుటనే ఉన్నది. సరిహద్దు పల్లెలలో ద్రౌపదీదేవి, ధర్మరాజుల గుడులయొద్ద జరుగు భారత ఉత్సవములను ఎరుగనివారు లేరు. పగలు భారతకథ, రాత్రి వీధినాటకము, అర్జునుడు తపస్సుమాను ఎక్కుట, మట్టితో చేసిన దుర్యోధనుని వధ, అగ్నిగుండము ప్రవేశించుట, ఇవన్నియు వరుసగా జరుగును. అందులో వేషము కట్టు మనిషి పగలు పొలము దున్నువాడో, మగ్గము నేయువాడో కావచ్చును. తెల్లవారువరకు గొంతు చెక్కుచెదరక పాడును; వందలకొలది పాటలు, వచనములు కాగితము లేక చెప్పును. ఆ శక్తి అతనికి ఎక్కడనుండి వచ్చినది? గురువుయెదుట నేలపై అడుగులు వేయించుకొని, ఒకే దరువును గజ్జెలు అరుగునంతవరకు త్రొక్కి, ఉత్సవముల కాలమంతయు రాత్రి వెంట రాత్రి ఆడినందున వచ్చినది. అతనిని మనము పామరుడందుము. సాధన విషయమున అతడే పండితుడు. చదువుకొన్న మనము పామరులము.

అష్టావధానమును చూచి ఆశ్చర్యపడువారును ఇట్లే పొరబడుదురు. తిరుపతి వేంకట కవులవంటివారు సభలో ఆశువుగా పద్యము చెప్పుట గారడి కాదు. ఆటవెలదిలో బేసి పాదమునకు మూడు సూర్యగణములు, రెండు ఇంద్రగణములు. సరి పాదమునకు ఐదు సూర్యగణములు. ఈ లెక్క వ్రేళ్ళమీద ఉన్నంతకాలము పద్యము రాదు. ఊపిరిలోనికి దిగినప్పుడు వచ్చును. వ్రేళ్ళనుండి ఊపిరిలోనికి దిగు దారి పేరే అభ్యాసము. ఆ దిగుడు పూర్తియైన తరువాత మనస్సుకు తీరిక దొరకును. ఆ తీరికలో కల్పన పుట్టును. అభ్యాసము కల్పనను చంపునన్నవారు ఈ సంగతిని గమనింపవలెను.

అట్లయిన మనము చేయవలసినది ఏమి? పెద్ద పథకములు అక్కరలేదు. పదిరోజులలో పది గంటలు చేయుటకంటె, సంవత్సరము పొడుగున దినమునకు పది నిమిషములు చేయుట మేలు. పది నిమిషముల లెక్కన సంవత్సరమునకు అరువది గంటలు దాటును. ఆ అరువది గంటలలో గుణింతములు, వత్తులు వచ్చును. ఒక శతకము పూర్తిగా చదువవచ్చును. ఒకరోజు చదివిన పద్యమును మరునాడు చూడక వ్రాయవలెను. వారమునకు ఒకసారి ఊరిలోనున్న అమ్మమ్మకు తెలుగులో ఒక ఉత్తరము వ్రాయవలెను. ఆమె తప్పులు దిద్ది తిరిగి పంపవలెను. తప్పు దిద్దువారు లేని అభ్యాసము తప్పునే గట్టిపరచును. సంగీతములో గురువు లేక శ్రుతి తప్పి పాడినవాని గొంతు అపశ్రుతికే అలవాటు పడినట్లు. ఏడాది గడచిన పిమ్మట పిల్లవానిని, "నీవే ఒక నాలుగు పాదములు కట్టుము" అని అడుగవలెను. అవి కుంటినను సరియే. సరళీవరుసలో ఎవరి గొంతు మొదట కుంటలేదు?

అన్నిటికంటె ముందు పెద్దలు తమ అభ్యాసమును మొదలుపెట్టవలెను. తండ్రి ఎన్నడును తెలుగు పుస్తకము తెరువని ఇంటిలో కుమారుడు తెరువడు. 1888లో తిరుత్తణిలో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుని పేరు చెప్పి మనము గర్వపడుదుము. గర్వపడుట తప్పు కాదు; కాని గర్వము సాధన కాదు. ఆయన చదివిన గంటలు ఆయనవి. మన గంటలు మనము చదువుకోవలెను.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటికి అమావాస్య అమావాస్యకు జనము వచ్చుచున్నారు. ఒక అమావాస్యకు వచ్చితిమి గదా అని మరుసటి అమావాస్యను విడుచువారు కారు. మన సంఘములు కూడ ఏడాదికొక ఉత్సవముతో తృప్తిపడక, నెలకొకసారి పదిమంది కూడి, ఆ నెలలో ఇంటిలో చేసిన అభ్యాసమును ఒకరికొకరు వినిపించుకొనునట్లు ఏర్పాటు చేసికొనవచ్చును. వేదిక అక్కరలేదు, శాలువ అక్కరలేదు. చాప చాలును.

తిరుత్తణి కొండకు మెట్లు 365 అని ప్రసిద్ధి. సంవత్సరమునకు ఎన్ని దినములో అన్ని మెట్లు. డిసెంబరు 31వ తేదీన జరుగు మెట్ల ఉత్సవములో తమిళ సోదరులు మెట్టు మెట్టుకును పూజ చేసి, అరుణగిరినాథుని తిరుప్పుగళ్ పాడుచు ఎక్కుదురు. పై మెట్టుమీద ఒక్క పాట పాడి ముగించువారు కారు. ప్రతి మెట్టునకు పాట ఉన్నది. ముత్తుస్వామి దీక్షితులకు కలకండ పైన దొరకినది. మెట్లు మాత్రము కిందినుండి ఆయన కాళ్ళతోనే ఎక్కవలసివచ్చినది. ఈసారి మన సభలో ఆ గాథ చెప్పువారు కలకండ దగ్గర ఆపవద్దని నా విన్నపము. ఆ మెట్ల సంగతి కూడ చెప్పవలెను. చెప్పి ఇంటికి పోయి, ఆ రాత్రియే మొదటి మెట్టుపై కాలు పెట్టవలెను.